పరుపుకి అవతలి మనిషి

జానీబాషా పోయిన వారానికి పెనుగొలను నుంచి ఆదిశేషయ్య వచ్చి, గుమ్మం బయట నిలబడి పరుపు సంగతి అడిగాడు.

పెద్దమనిషి, వంక పెట్టడానికి లేదు. ముందు చెప్పాల్సిన మాటలన్నీ చెప్పాడు. కండువాతో కళ్లొత్తుకున్నాడు. ఈనాటికీ తాను జానీబాషా తండ్రి కుట్టిన పరుపు మీదే పడుకుంటున్నానని, అందులో దూది ఇంకా గడ్డకట్టలేదని చెప్పాడు. ఆ తర్వాతే అసలు మాటకి వచ్చాడు. మాఘమాసంలో కూతురు ప్రమీలారాణి పెళ్లి. వాళ్ల చేలో పండిన పత్తితోనే మొదలుపెట్టిన పెళ్లి పరుపు సగంలో ఆగిపోయింది. దాని సంగతేంటి?

జానీబాషా పెళ్లాం మహబూబీ లోపల తలుపు చాటున కూర్చుని వింటోంది. ఆమె బయటికి రాకూడదు. మొగుడు పోయిన ముసల్మాను ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాడి కంట పడకూడదు. దాన్ని ఇద్దత్తు అంటారు. నిజం చెప్పాలంటే ఆమెకి గడప దాటాలని లేదు, లేచి మంచినీళ్లు తాగాలని కూడా లేదు. వచ్చినవాళ్లందరికీ చెప్పిందే చెప్పి నోరు అలిసిపోయింది. దగ్గు ఎప్పుడు ఎక్కువైంది, ఏ డాక్టరుకి చూపించారు, ఆఖరి మాట ఏమన్నాడు. ఆఖరి మాట ఏముంటుంది? "కాస్త కిటికీ తలుపు వెయ్యి, చలిగా ఉంది" అన్నాడు. అది వినడానికి ఎవరికీ బాగుండదు కాబట్టి, అల్లా పేరు తలుచుకున్నాడని చెప్పి పంపించేస్తోంది.

గుమ్మానికీ తలుపు చాటుకీ మధ్య రాయబారం పక్కింటి పిచ్చమ్మది. గేదెల్ని పెట్టుకుని పాలు పోసుకు బతికే మనిషి. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు, నోటికి హద్దు అంతకంటే లేదు. ఈ వారం రోజులుగా పాలు పితకడం అయిపోగానే ఇక్కడికే వచ్చి కూలబడుతోంది.

"ఇంకెక్కడన్నా కొత్తది కుట్టించుకోమను పిన్నీ," అని గొణిగింది మహబూబీ.

పిచ్చమ్మ చేరవేసే లోపే ఆదిశేషయ్య విన్నాడు. "అట్టా కుదరదమ్మా. మొదలుపెట్టిన పెళ్లి పరుపుకి చెయ్యి మారితే కాపురం నిలవదంటారు. సగంలో వదిలేస్తే మరీ చెడ్డదంట. మా ఇంట్లో ఆడవాళ్లు నన్ను ఒక్క పూట కూడా నిమ్మళంగా అన్నం తిననివ్వడం లేదు."

"కుట్టే చెయ్యే పోయె. ఇంక మారడానికేముంది బాబూ?" అంది పిచ్చమ్మ.

"పరుపు ఒక చేత్తో కుట్టేది కాదు గదా పిచ్చమ్మా. పైన జానీ, కింద అంతోనయ్య. ఇన్నేళ్లూ మా ఊళ్లో ఏ పరుపన్నా ఆ ఇద్దరి చేతులేగా. రెండో చెయ్యి ఉందాయె. ఇక ఈ ఇంటి చెయ్యి అంటావా, మహబూబమ్మ దూదేకుల పిల్లే, ఆమెకి పని రాదా ఏంటి? వాళ్లిద్దరూ కలిసి ముగిస్తే చెయ్యి మారినట్టు కాదు. మా పురోహితుణ్ణి కూడా అడిగే వచ్చాను."

తలుపు చాటున మహబూబీకి ఒళ్లు మండింది. వారం కిందట ఇదే వాకిట్లో ఊరు ఊరంతా నిలబడి అంతోనయ్య ఎవడని అడిగింది. ఇప్పుడు పరుపు దగ్గరికి వచ్చేసరికి రెండో చెయ్యి ఎవరిదో అందరికీ గుర్తొచ్చింది. ఆఖరికి పురోహితుడికి కూడా.

ఆ రోజు తెల్లవారుతుండగా ప్రాణం పోయింది. అంతోనయ్య ఊళ్లో లేడు. ముందు రోజే ఎద్దుబండి కట్టుకుని గంపలగూడెం అవతలికి పత్తి కోసం వెళ్లాడు. జానీబాషా చెల్లెలి మొగుడు ఆజం ఉండేది ఖమ్మంలో. ఆజం వచ్చేదాకా మట్టి చెయ్యకుండా ఆగాలని మసీదు పెద్ద హుమాయున్ సాయిబు తేల్చి, మొదటి బస్సుకే మనిషిని పంపాడు. ఆజం తన బావమరిదితో మాట్లాడి ఏళ్లయింది. ఏదో పెళ్లిలో మర్యాద తక్కువైందని అలిగి వెళ్లినవాడు మళ్లీ ఈ గడప తొక్కలేదు, జబ్బు చేసిందని కబురంపినా రాలేదు. అయినా ఆగాలి. చెల్లెలి మొగుడు కదా.

మహబూబీ లోపల్నుంచే అంది. "గంపలగూడెం దారిలో కూడా ఎవరినన్నా పంపండి. సైకిలు మీద పోతే మధ్యాహ్నానికల్లా తీసుకురావచ్చు."

"ఎవరినమ్మా?"

"అంతోనయ్యని."

హుమాయున్ సాయిబు చెడ్డవాడు కాదు. మెత్తగానే అడిగాడు. "అతను ఏమవుతాడని ఆగాలమ్మా? ఏం వరసని?"

మహబూబీ నోరు తెరిచింది. ఇరవై ఏళ్లకి పైగా వెతుకుతున్న మాట, మొగుడి శవం పక్కన కూర్చుని ఉండగా ఒక్క నిమిషంలో దొరుకుతుందా? మళ్లీ మూసుకుంది. ఆ వాకిట్లో ఉన్న మగవాళ్లలో సగం మందికి సంగతి తెలుసు. మిగతా సగం మంది తెలియనట్టు ఉండటం నేర్చుకున్నారు. ఒక్కడు కూడా పెదవి విప్పలేదు. ఎమర్జెన్సీ రోజులు అవి. ఊరుకోవడం అప్పటికే అందరికీ బాగా అలవాటైంది.

ఆజం వచ్చాడు, ముఖం చూశాడు, రెండు చుక్కలు కన్నీళ్లు రాల్చాడు, భుజం పట్టాడు. పొద్దువాలే వేళకి అంతోనయ్య కట్టలేరు వాగు దాటుతుంటే ఎవరో కబురు చెప్పారట. బండిని దారిలోనే వదిలేసి పరుగెత్తాడు. అతను చేరేసరికి గోరీల దొడ్డిలో మట్టి కప్పేసి నీళ్లు కూడా చల్లేశారు. "పాపం, మంచి స్నేహితుడు" అని ఒకరిద్దరు అనుకుంటూ ఇంటిదారి పట్టారు. వదిలేసిన ఎద్దులు మాత్రం వాటి దోవన అవి నడుచుకుంటూ వచ్చి రోజూ ఆగే చోటే, మహబూబీ గుమ్మం ముందు ఆగాయి. మువ్వల చప్పుడు వినగానే ఆమె అలవాటుగా లేచి అన్నం గిన్నె వైపు చూసింది. అప్పుడొచ్చింది ఏడుపు. అందాకా రాలేదు.

మూడు రోజులు ఆమెకి ఊరు అన్నం పెట్టింది. ముసల్మానుల ఇళ్ల నుంచి, కమ్మోరి ఇళ్ల నుంచి, మేరీమాత గుడి పక్కనున్న ఇళ్ల నుంచి కూడా గిన్నెలు వచ్చాయి. వీపు నిమిరారు, తల దగ్గరికి తీసుకున్నారు. అంతోనయ్యకి ఎవరన్నా ఒక ముద్ద పెట్టారా, పక్కన కూర్చున్నారా అని ఎవరూ అడగలేదు. అతను అక్క రిబ్కా ఇంటి వసారాలో ఉంటాడు. రిబ్కాకి తమ్ముడి మీద ప్రేమే కానీ, ఎవరో పరుపులాయన పోతే ఇంత పెద్దమనిషి అన్నం మానేయడం ఏంటో ఆవిడకి అర్థం కాలేదు. లేదా అర్థం కాకపోవడమే మంచిదనుకుంది.

మహబూబీది రెడ్డిగూడెం. దూదేకే విల్లు చప్పుడు వింటూ పెరిగిన పిల్ల. పెళ్లై తిరువూరు వచ్చేనాటికే జానీబాషాకి అంతోనయ్య ఉన్నాడు. పల్లెల నుంచి పత్తి తోలుకొచ్చేవాడు, ఖాళీగా ఉంటే ఇంటినానుకుని ఉన్న పాకలో కూర్చుని పనికి సాయం పట్టేవాడు. పొద్దుగూకాక ఇక్కడే అన్నం తిని వెళ్లేవాడు. ఇందులో ఎవరికైనా ఏం కనపడుతుంది?

జానీబాషా మంచి మొగుడు. తాగడు, చెయ్యెత్తడు. పులుసు ఉప్పగా ఉంటే మజ్జిగ పోసుకుని తినేస్తాడు తప్ప మాట అనడు. ఒక ఆడపిల్ల పుట్టి పోయినప్పుడు ఆమెకంటే ఎక్కువ ఏడ్చాడు. కానీ పక్కన పడుకున్నా మనిషి ఇంట్లో లేనట్టే ఉండేది. తన వల్లే ఏదో లోపమని మహబూబీ మూడేళ్లు తనని తానే తిట్టుకుంది.

మూడో ఏట ఒక మధ్యాహ్నం పాకలోకి మజ్జిగ తీసుకెళ్లింది. విల్లు చప్పుడు ఆగిపోయి ఉంది. అంతోనయ్య దూది కుప్ప పక్కన జానీబాషా తొడ మీద తలపెట్టి నిద్రపోతున్నాడు. జానీబాషా అతని జుట్టులో చిక్కుకున్న దూది పోగుల్ని ఒక్కొక్కటే, నిద్ర చెడకుండా తీస్తున్నాడు. అంతే. అంతకుమించి ఆమె ఏమీ చూడలేదు. ఆనాడు కాదు, ఆ తర్వాతా కాదు. దూదేకుల ఇంట్లో అందరి జుట్టులోనూ దూది ఉంటుంది. మహబూబీ జుట్టులోనూ ఉండేది. దాన్ని అతను ఎన్నడూ తీయలేదు. చెంబు గుమ్మంలో పెట్టి వెనక్కి వచ్చేసింది. మర్నాడు రెడ్డిగూడెం బస్సెక్కింది.

తల్లి జైతున్‌బీ కూతుర్ని ఎగాదిగా చూసింది. "కొడుతున్నాడా?"

"లేదు."

"తాగుతున్నాడా?"

"లేదు."

"ఇంకో ఆడదాన్ని పెట్టుకున్నాడా?"

"లేదమ్మా."

"మరి దేనికొచ్చావే?"

ఏమని చెప్పాలి? మొగుడి వల్ల వచ్చే కష్టాలకి ఊళ్లో పేర్లు ఉన్నాయి. తల్లి ఆ పేర్లన్నీ వరుసగా అడిగేసింది. ఈ కష్టానికి పేరు లేదు కాబట్టి అది కష్టం కిందికే రాలేదు. జైతున్‌బీ వేడన్నం పెట్టింది, తలకి నూనె రాసింది, రాస్తూ రాస్తూ జుట్టులో దూది తీసింది. "బంగారం లాంటి మొగుణ్ణి ఇచ్చాడు దేవుడు, నెత్తిన పెట్టుకో" అని చెప్పి పొద్దున్నే తిరుగు బస్సెక్కించింది. బస్సులో మహబూబీ ఏడవలేదు. ఎవరైనా ఎందుకేడుస్తున్నావని అడిగితే, అక్కడా చెప్పడానికి ఏమీ లేదు కదా.

తిరిగొచ్చాక ఆమె పేర్లు వెతకడం మొదలుపెట్టింది. మనిషిని ఏదో ఒక వరసలో కూర్చోబెడితే తప్ప మనకి అతనితో ఎలా మసలుకోవాలో తెలియదు. అంతోనయ్య తనంతట తనే ఒకసారి "వదినా" అని పిలిచి చూశాడు. "ఎవరికి వదిన?" అని ఆమె కసిరింది. అప్పట్నుంచి "అమ్మా" అంటున్నాడు. ఆమె మాత్రం అతన్ని ఏమనీ పిలవలేదు. వడ్డించేటప్పుడు మొగుడితో అనేది, "పులుసు ఇంకాస్త వేసుకుంటాడేమో అడుగు" అని. చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చున్న మనిషిని జానీబాషా తిరిగి అడిగేవాడు. అతను వేసుకుంటానని జానీబాషాకి చెప్పేవాడు. ఇరవై ఏళ్లు ఇలాగే గడిచాయి. చెబితే నవ్వుతారు.

పిచ్చమ్మ ఒకనాడు పాలు పోస్తూ, ఎకసెక్కానికి, "అదిగో నీ సవతి వస్తున్నాడే, అన్నం ఉడికిందా?" అంది. మహబూబీ నవ్వి ఊరుకుంది కానీ ఆ మాట పట్టుకుని చాలా రోజులు ఆలోచించింది. సవతి అయినా బాగుండేది. సవతికి మతంలో పద్ధతి ఉంది. ఇక్కడ ఎన్నాళ్లు ఉంటే అక్కడా అన్నాళ్లే ఉండాలి. ఇక్కడికి చీర తెస్తే అక్కడికీ తేవాలి. తేడా వస్తే పెద్దల దగ్గరికి వెళ్లి అడగొచ్చు. వీధిలో నిలబడి జుట్టు జుట్టు పట్టుకుని పోట్లాడినా ఎవరూ వింతగా చూడరు. ఈ మనిషితో పోట్లాడటానికి పద్ధతి కూడా లేదు.

పాపం అనే మాట కూడా తెచ్చి పెట్టుకుని చూసింది. అది అన్నిటికంటే సులువైన మాట, దాంతో కొన్నాళ్లు కడుపు నిండింది కూడా. కానీ ఆ వీధి చివర ఒక మనిషి ఉండేవాడు. ఐదు పూటలూ నమాజు తప్పేవాడు కాదు, ఇంటికి వెళ్లి పెళ్లాం వీపు చిట్లేలా కొట్టేవాడు. ఊరు అతన్ని భక్తుడనేది. ఆ పెళ్లాం వీపుకి పసుపు రాసి కట్టు కట్టిన రోజున మహబూబీకి ఈ మాటల మీదే నమ్మకం పోయింది. తనకి అన్యాయం జరిగింది, అందులో అనుమానం లేదు. ఎవరు చేశారని అడిగితే మాత్రం వేలు ఎవరి వైపూ నిలకడగా నిలవలేదు.

అన్నేళ్లలో ఒక్కసారే జానీబాషా ఆ సంగతి ఎత్తాడు. అప్పటికి దగ్గు పట్టుకుంది. "నిన్ను మోసం చెయ్యాలని చేసుకోలేదు మాబీ," అన్నాడు. "పెళ్లి వద్దంటే ఎందుకు వద్దని అడిగారు. చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది."

తల్లి ముందు కూర్చున్న రోజు గుర్తొచ్చింది మహబూబీకి. ఇతనికీ అదే జరిగిందన్నమాట. జాలి పడాలో, పళ్లు నూరాలో తెలియలేదు. "సరే, చల్లారిపోతోంది, తిను" అంది. కోపం పోలేదు. కోపాన్ని రోజూ మోసి మోసి చేతులు మాత్రం నొప్పెట్టాయి.

ఇప్పుడు ఆదిశేషయ్య వెళ్లిపోయాడు. పిచ్చమ్మ గుమ్మంలో కూర్చుని ఆకు నములుతూ, "ఏమంటావే?" అంది.

"ఏమనాలి? అతను నా కంట పడకూడదు, నేను అతని కంట పడకూడదు."

"ఇన్నేళ్లూ కూడు పెట్టినదానివి, ఇప్పుడు కొత్తగా పరాయోడయ్యాడా?"

"ఇన్నేళ్లూ మధ్యలో ఆయన ఉన్నాడు పిన్నీ."

కిటికీ రెక్క ఓరగా తీసి ఉంది. రోడ్డుకి అవతల తూము మీద అంతోనయ్య వెనక్కి తిరిగి కూర్చున్నాడు. రోజూ మధ్యాహ్నం వస్తున్నాడు. బండి ఆపుకుని, ఎద్దులకి గడ్డి వేసి, ఇంటి వైపు వీపు పెట్టి కాసేపు కూర్చుని వెళ్లిపోతున్నాడు. గుమ్మం దగ్గరికి రావడానికి అతనికి ఇప్పుడు వంక లేదు. పత్తి తేవాల్సిన పని లేదు. అన్నానికి పిలిచే మనిషి లేడు. మొగుడు పోయిన ఆడదానికి ఏడవడానికి ఇల్లుంది, పక్కన కూర్చునేవాళ్లున్నారు, పైగా నాలుగు నెలల పైచిలుకు గడువుంది. ఈ మనిషికి ఏడవడానికి ఊళ్లో జానెడు చోటు లేదు. అది ఇస్తే తను ఇవ్వాలి. ఇంకెవరూ ఇవ్వలేరు. ఇవ్వడమా, తలుపు వేసుకోవడమా?

ఇవ్వాలని మనసొప్పలేదు. దేనికివ్వాలి? తన సంసారంలో సగం తిన్న మనిషికి సంతాపంలో కూడా సగం పెట్టాలా? ఇలా అనుకుంటూనే ఆమె పాకలో గోడవారగా చుట్టిపెట్టిన పరుపు వైపు చూసింది. చారల గుడ్డ, లోపల జానెడు మందాన దూది. సగం దాకా కుట్లు పడ్డాయి. మిగతా సగం ఉబ్బుగా, ఆకారం లేకుండా ఉంది.

"పిన్నీ, ఆ పరుపుని ఇంటికీ పాకకీ మధ్య గుమ్మంలో నిలబెట్టి దూలానికి కట్టేస్తే ఏమవుద్ది?"

పిచ్చమ్మ నమలడం ఆపింది. "గోడ అవుద్ది."

"నేను ఇటు, అతను అటు. దబ్బనం మధ్యలో."

"నీ బుర్రే బుర్ర!" అని పిచ్చమ్మ తొడ చరుచుకుంది. "పరుపే పర్దా. నేను ఇక్కడ కూర్చుంటాలే, ఎవడొచ్చి ఏమంటాడో చూద్దాం."

అనడానికి హుమాయున్ సాయిబే వచ్చాడు. ఊళ్లో మాట ఊరికే ఉంటుందా? వాకిట్లో నిలబడి గడ్డం సవరించుకున్నాడు. "అమ్మా మహబూబీ, ఇద్దత్తులో ఉన్నావు. నేను విన్నది నిజమేనా?"

తలుపు చాటునుంచి ఆమె నిదానంగా చెప్పింది. "నేను అతన్ని చూడను సాయిబుగారూ. అతను నన్ను చూడడు. మధ్యలో జానెడు దూది. పక్కన పిచ్చమ్మ పిన్ని. ఇద్దత్తులో చేతిపని చేసుకోకూడదని ఎక్కడన్నా రాసుందా?"

"అట్టా రాసిలేదనుకో." ఆయన ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "నలుగురూ నన్నే అడుగుతారమ్మా. అతను ఏమవుతాడని వస్తున్నాడు అంటే ఏం చెప్పమంటావు?"

మళ్లీ అదే ప్రశ్న. మహబూబీ ఈసారి మాట కోసం వెతకలేదు. ఓపిక లేదు. "పరుపు కుట్టడానికి పనివాడొచ్చాడని చెప్పండి."

"పనివాడా!" హుమాయున్ సాయిబు ముఖం తేటపడింది. "అయితే ఇంకేం, సరే సరే." ఎవరైనా అడిగితే ఇవ్వడానికి ఒక మాట దొరికింది, ఆయన గుండెల మీద బరువు దిగింది. తేలిగ్గా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. అబద్ధం కూడా కాదు. ఊరికి కావాల్సింది అంతే, ఏదో ఒక మాట. అందులో మనిషి పట్టాడా లేదా అని చూసే తీరిక ఎవరికీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం పిచ్చమ్మ కబురు చెబితే అంతోనయ్య పాక వైపు నుంచి వచ్చాడు. పరుపు దూలానికి వేలాడుతూ గుమ్మం నిండా ఉంది. అవతల దగ్గిన చప్పుడు, ముక్కాలిపీట లాక్కున్న చప్పుడు వినపడ్డాయి. మహబూబీ దబ్బనంలో దారం ఎక్కించి గుచ్చి తోసింది. అవతలి చెయ్యి అందుకుని లాగింది, చిన్న గుడ్డముక్క పెట్టి కుట్టు నిలబెట్టి, మళ్లీ ఇటు తోసింది. ఆమె దారం లాగి ముడి బిగించింది. ఇద్దరికీ పని వచ్చు. మాటతో అవసరం పడలేదు.

కొన్ని కుట్లు పడ్డాక అవతల చెయ్యి ఆగింది.

"అమ్మా."

ఆమె ఇటువైపు ముడి సరిచూసుకుంది.

"దారం అట్టా రెండుసార్లు గుంజొద్దమ్మా. ఒక్కసారే లాగండి."

"బిగువు చాలదుగా," అంది ఆమె పిచ్చమ్మ వైపు చూస్తూ. పిచ్చమ్మ అప్పటికే గోడకి ఆనుకుని గురక పెడుతోంది. చెప్పి పంపడానికి మధ్యలో ఇంకెవరూ లేరు.

"బిగువు చాలుద్ది. రెండుసార్లు గుంజేది ఆయన."

ఆమె మొగుడి పని చూసి చూసి పట్టుకున్న లాగుడు అది. ఇటు ఆమె లాగుతుంటే అటు అతనికి ఎవరు కూర్చున్నట్టుందో ఆమెకి అప్పుడు తెలిసింది. తర్వాతి కుట్టు ఒక్కసారే లాగింది. దాని తర్వాతిది కూడా. కొంతసేపటికి దబ్బనం తిరిగి రాలేదు. పరుపు సన్నగా అదురుతోంది. ఉబ్బు వైపు దూది, కుట్టు పడని వైపు, ఎవరో నుదురు ఆనించినట్టు ఒకచోట ఇటువైపుకి కాస్త పొంగింది. చప్పుడు లేదు. ఎవరి ఇంట్లోనూ కాని మనిషి ఏడిస్తే ఇలాగే ఏడుస్తాడు కాబోలు, చప్పుడు చేసే హక్కు లేనట్టు.

తిట్టాలనుకుంది. లేచి వెళ్లిపోవాలనుకుంది. ఏదీ చేయలేదు. ఎంత కాలం మోస్తారు ఎవరైనా? దారం కొస పట్టుకుని అలాగే కూర్చుంది.

"అన్నం తింటున్నావా?" అని అడిగింది చివరికి. కసరకుండా అతన్ని నేరుగా ఒక మాట అడగడం ఆమెకి అదే మొదలు.

"తింటున్నానమ్మా." అబద్ధమని తెలుస్తూనే ఉంది. తర్వాత, గొంతు ఇంకా తగ్గించి, "ఆయన ముఖం ఎట్టా ఉంది?" అన్నాడు.

ఆమెకి ఊరందరికీ చెప్పిన మాట నాలుక చివరే ఉంది. అల్లా పేరు తలుచుకున్నాడు, నిద్రపోయినట్టున్నాడు. ఆ మాట ఇతనికి చెప్పాలనిపించలేదు.

"చివర్లో కిటికీ తలుపు వెయ్యమన్నాడు. చలిగా ఉందని."

అవతల చిన్న నవ్వో, ఎక్కిళ్లో. "ఆయనకి చలెక్కువ."

"గడ్డం దువ్వారు. తెల్లగుడ్డలో మనిషి చిన్నగా కనపడ్డాడు. ఎడమకన్ను సరిగ్గా మూతపడలా, ఎంత మూసినా కాస్త తెరుచుకుంది."

"నిద్రలో కూడా అంతేగా," అన్నాడు అంతోనయ్య.

అవును, నిద్రలో కూడా అంతే. ఆ సంగతి లోకంలో తనొక్కదానికే తెలుసని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఒక్క క్షణం పాత మంట లేచింది, మళ్లీ దానంతట అదే అణిగింది. ఆ కన్ను సంగతి తెలిసిన మనిషి ఇంకొకరు బతికి ఉన్నారు. అంతేకదా. రేపు తను మరిచిపోతే గుర్తు చేయడానికైనా పనికొస్తాడు.

దబ్బనం ఇటువైపుకి వచ్చింది. ఆమె అందుకుంది, లాగింది, ముడి వేసింది.

"చెవి వెనకాల జుట్టులో కాస్త దూది ఉండిపోయింది," అంది. "కడిగినవాళ్లు చూసుకోలా. ముఖం మీద గుడ్డ కప్పబోతుంటే నాకు కనపడింది."

"తీశారా అమ్మా?"

"చెయ్యి చాపాను. మళ్లీ వెనక్కి తీసుకున్నాను."

"ఎందుకని?"

మహబూబీ దబ్బనాన్ని పరుపులోకి గుచ్చి, పూర్తిగా అవతలికి పోయేదాకా అరచేత్తో నెట్టింది.

"అది తీసేది నువ్వుగా. నువ్వొచ్చేదాకా ఆగమన్నాను. ఎవరూ ఆగలేదు."

దబ్బనం అవతల ఆగిపోయింది. కాసేపటికి చప్పుడు వినపడింది, ఇంటి మనిషి పోతే ఏడ్చే ఏడుపు, గొంతెత్తి, వీధిలోకి వినపడేలా. పిచ్చమ్మ ఉలిక్కిపడి లేచి ఏమైందే అని అడగబోయింది. మహబూబీ ఊరుకోమన్నట్టు చెయ్యి చూపించి, దారం కొస వదలకుండా కూర్చుంది. అతను అయిందనేదాకా లాగలేదు.